డబ్బాలు పంపొద్దు

ఇంటి నుంచి
మంగళవారం

వదిన గారికి,

ఈ ఉత్తరం చూస్తే మీకు కోపం వస్తుంది. రానివ్వండి. దయచేసి ఇక నాకు ఫోన్ చెయ్యకండి.

నిన్న పొద్దున్న చేశారు, మధ్యాహ్నం చేశారు, మళ్లీ చీకటి పడ్డాక చేశారు. ప్రతిసారీ ఒకటే ప్రశ్న, "ఏమైనా తెలిసిందా?" అని. తెలిస్తే దాచుకుంటానా వదినా? పిల్లకి సరిపోయే కాలేయం ఎక్కడైనా దొరికితే ఆసుపత్రి వాళ్లు ఈ నంబరుకే చేస్తారు. మనం దొరక్కపోతే వరసలో వెనకున్న పిల్లకి వెళ్లిపోతుంది. అందుకని స్నానానికి వెళ్లినా ఫోన్ సబ్బుపెట్టె పక్కనే పెట్టుకుంటున్నాను. అది మోగితే చాలు, సబ్బు చేత్తోనే అందుకుంటున్నాను. తీరా ఎత్తితే మీరు! లేదంటే మా పిన్ని. లేదంటే ఇల్లు కొనుక్కోమంటూ ఎవడో. మొన్న వాణ్ని తిట్టిన తిట్లకి పక్కింటావిడ తలుపు తీసి చూసింది.

మీ తమ్ముడి నంబరు కూడా ఇచ్చాం గానీ ఏం లాభం? లిఫ్టు బాగుచెయ్యడానికి గోతిలోకి దిగాడంటే ఆయనకి సిగ్నల్ అందదు, మనకి ఆయన అందడు.

పిల్ల, అదే మన కందిరీగ, ఎలా ఉందో మీరు అడక్కముందే చెప్తాను. కళ్లు ఇంకా పచ్చబడ్డాయి. ఒళ్లంతా దురద. గోక్కుని గోక్కుని పుండ్లు చేసుకుంటోందని చేతులకి మేజోళ్లు తొడిగి పడుకోబెడుతున్నాను. ఏడేళ్ల పిల్లకి నాలుగేళ్ల పిల్ల గౌను పడుతోంది, ఉబ్బిన పొట్ట దగ్గర తప్ప. నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. ఉప్పు లేని అన్నం పెడితే "అమ్మా, దీన్ని ఎవరైనా ఒకసారి తినేసి ఇచ్చారా?" అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియక విసుక్కున్నాను.

అన్నట్టు, డాక్టరు మీ తమ్ముణ్ని కాస్త ఒళ్లు తగ్గమన్నారు. మామూలు సలహానే, కంగారు పడకండి.

ఏదైనా చెప్పాలనిపిస్తే ఉత్తరం రాయండి. నేనూ రాస్తాను.

మీ మరదలు


హాస్టల్ వంటింటి నుంచి
పొయ్యిలు ఆర్పాక

మరదలికి,

ఉత్తరం అందింది. ఫోన్ చెయ్యొద్దన్నావు, సరే. మొహం మీదే తలుపు వేసినట్టుంది గానీ, పిల్ల కోసం అన్నావు కాబట్టి మింగేశాను. మెసేజీలు పెట్టడం ఇక్కడి హాస్టల్ పిల్లలు నేర్పబోయారు. కళ్లజోడు పెట్టుకున్నా ఆ అక్షరాలు నాకు చీమల్లా పాకుతాయి. కాబట్టి ఉత్తరమే. నా రాత నీకు అర్థం కాకపోతే అది నీ ఖర్మ.

కందిరీగకి ఉప్పు లేకుండా వండటం నీకు రావట్లేదు. నిమ్మకాయ పిండు, మిరియం దంచి వెయ్యి. ఉప్పు మాటే గుర్తురాదు. ఇంతమంది హాస్టల్ పిల్లలు నా వంటకి వంక పెట్టకుండా తింటున్నారంటే ఊరికే కాదు.

అసలు సంగతికొస్తాను. వాడు ఒళ్లు తగ్గడమేమిటి? పెళ్లిచూపులకేమన్నా వెళ్తున్నాడా? అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్లు. తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేనా పదహారేళ్లదాన్ని. చదువు పక్కన పెట్టి, ముద్ద కలిపి చేత్తో పట్టుకుని, వాడి వెనకాల ఇల్లంతా తిరిగి తినిపించి మనిషిని చేశాను. వాడి ఒంట్లో ఉన్న ప్రతి కండా నా చేతి ముద్దే. దాన్నిప్పుడు కరిగిస్తామంటే నాకెలా ఉంటుంది చెప్పు? పిల్ల తినలేకపోతోందని ఇంటిల్లిపాదీ కడుపు మాడ్చుకుంటే పిల్లకి నయమవుతుందా? గోతుల్లోకి దిగి బరువులెత్తే మనిషి. కళ్లు తిరిగి పడితే ఎవరు చూస్తారు?

నువ్వు పిల్లని చూసుకో. వాడి సంగతి నేను చూసుకుంటాలే.

వదిన


ఇంటి నుంచి
ఆదివారం

వదిన గారికి,

ఫోన్ మోగింది. మీరు కాదు, పిన్ని కాదు, ఆసుపత్రే.

వెంటనే బయల్దేరండి, పిల్లకి మంచినీళ్లు కూడా ఇవ్వొద్దు అన్నారు. సర్ది పెట్టుకున్న సంచి ఎదురుగా ఉంటే ఇల్లంతా వెతికాను. మీ తమ్ముడు పని మధ్యలోంచి గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. కందిరీగకి ఆసుపత్రి గౌను తొడిగారు, సూది గుచ్చారు, కడుపు మీద పెన్నుతో గీతలు గీశారు. ఇక కూర్చున్నాం. కూర్చున్నాం, కూర్చున్నాం. చివరికి సర్జన్ వచ్చి ఆ కాలేయం బాగాలేదు, పనికిరాదు, ఇంటికి వెళ్లండి అన్నాడు. బజార్లో పుచ్చు వంకాయ ఏరి పక్కన పడేసినంత తేలిగ్గా చెప్పాడు. ఆయన తప్పేం లేదని తెలుసు. అయినా ఆ మనిషి పీక పిసకాలనిపించింది.

కందిరీగ ఏడవలేదు. "అయితే ఇప్పుడు తినొచ్చా?" అంది.

ఆ కాలేయం ఎవరిదో కదా వదినా. మా ఫోన్ మోగాలంటే ఇంకెవరింట్లోనో ఏదో జరగాలి. ఆ ఆలోచనని అంతకంటే ముందుకి పోనివ్వట్లేదు. పోనిస్తే ఇక ఎదురుచూడలేను.

పిల్ల ఇక ఎక్కువ కాలం ఆగేలా లేదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఇటు మీ తమ్ముడు నన్ను ఇంకో రకంగా చంపుకుతింటున్నాడు. ఇంట్లో పిల్లతో పాటు చప్పిడి కూడే తింటాడు. తాను బాగుచేసిన లిఫ్టులు తానే ఎక్కకుండా ప్రతి బిల్డింగులో మెట్లెక్కుతున్నాడు. "ఏం సార్, మీ పని మీద మీకే నమ్మకం లేదా?" అని వాచ్‌మన్లు ఎగతాళి చేస్తున్నారట. ఇంత చేసినా బెల్టు ఒక్క కన్నం కూడా లోపలికి జరగలేదు. గాలి పీల్చి లావెక్కుతున్నాడేమో! వచ్చే వారం ఆయనకి ఒక పరీక్ష ఉంది. మామూలుదే.

మీ మరదలు


హాస్టల్ వంటింటి నుంచి

మరదలికి,

నీ ఉత్తరం చదువుతూ కూర మాడ్చేశాను. పసిపిల్లని అలా ఆశపెట్టి వెనక్కి పంపుతారా? వాళ్ల కడుపున పిల్లలు పుట్టలేదా? నోరారా తిట్టుకున్నాను, నీ వంతు కూడా కలిపి.

తమ్ముడి సంగతంటావా, కొందరి ఒళ్లు అంతే. మా నాన్నకీ అంతే, మంచినీళ్లు తాగినా ఒంటికి పట్టేది. పరీక్షలూ గిరీక్షలూ అని వాణ్ని బెదరగొట్టకు. బెల్టు కన్నాలు చూడటం మానేసి పిల్ల దగ్గర కూర్చో. వాడి వర్క్‌షాపులో అందరూ మంచివాళ్లే. వాడికేం లోటు లేదు.

వదిన


ఇంటి నుంచి
శనివారం

వదినా,

గారూ లేదు, మీరూ లేదు. ఇంత కోపంలో నావల్ల కాదు.

నిన్న మీ తమ్ముడు ఇంటికి రాగానే కందిరీగ ఆయన ఒళ్లోకెక్కి చొక్కా వాసన చూసింది. "నాన్న దగ్గర అత్తవాళ్లింటి వాసన వస్తోంది" అంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను చెప్పులేసుకుని తిన్నగా వర్క్‌షాపుకి వెళ్లాను. పనిముట్ల బీరువాలో, ఇనప తాళ్ల చుట్టల వెనకాల, నీ స్టీలు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒకదాంట్లో నేతిలో వేయించినవి, ఒకదాంట్లో తీపి ఉండలు. వారం వారం పార్సిలట! కడిగి పంపితే మళ్లీ నిండి వస్తాయట! నా వెనకాలే వచ్చిన మీ తమ్ముడు "అక్క కష్టపడి చేసి పంపితే పారెయ్యమంటావా?" అన్నాడు. నలభై దాటిన మనిషి, దొంగతనం చేసి దొరికిపోయిన పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు విను. ఆయన్ని ఒళ్లు తగ్గమన్నది షోకు కోసం కాదు. కాలేయం బతికున్నవాళ్లు కూడా ఇవ్వొచ్చు. ఒక ముక్క కోసి ఇస్తే ఇచ్చినవాళ్లకి మళ్లీ పెరుగుతుంది. నా రక్తం గ్రూపు పిల్లకి పనికిరాలేదు. ఆయనది పనికొచ్చింది. కాని ఆయన కాలేయానికి కొవ్వు పట్టి ఉంది, అది కరిగితే గానీ తీసుకోం అన్నారు. ఆ చప్పిడి కూడు అందుకే. ఆ మెట్లు అందుకే. వారం కిందటి పరీక్షలో కొవ్వు కొంచెం కూడా తగ్గలేదని వచ్చింది. నేనేదో గిన్నెలతో నెయ్యి తాగిస్తున్నట్టు డాక్టరు నా వంక చూశాడు. ఫోన్ మోగినా మోగకపోయినా ఈ దారి ఒకటి ఉందని ధైర్యంగా ఉన్నాను. ఆ దారికి అడ్డంగా నీ డబ్బాలు పేర్చావు.

ముందే ఎందుకు చెప్పలేదంటావేమో. మీ తమ్ముడే నాచేత ఒట్టేయించుకున్నాడు. "అక్కకి తెలిస్తే ఆపరేషన్ గది గుమ్మానికి అడ్డంగా పడుకుంటుంది" అన్నాడు. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టు మీద పెట్టాను.

డబ్బాలు పంపొద్దు. ఇంకొక్కటి వచ్చిందంటే తీసుకెళ్లి లిఫ్టు గోతిలో పడేస్తాను. నిజంగానే పడేస్తాను.

కందిరీగ అమ్మ


హాస్టల్ వంటింటి నుంచి

మరదలా,

నీ ఉత్తరం వచ్చిన పూట నేను వండలేదు. నా కింద పనిచేసే పిల్ల వండింది. హాస్టల్లో సగం కంచాలు అలాగే వదిలేశారు.

ముందు నా కోపం విను. మామూలు సలహా అన్నావు. మామూలు పరీక్ష అన్నావు. ఇంట్లో ఇంత జరుగుతుంటే నేను పరాయిదాన్నా? వాడు ఒట్టేయించుకుంటే నువ్వు వేసేస్తావా? ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను ఆ డబ్బాలు...

ఇక్కడిదాకా రాసి ఆగిపోయాను. చెప్పి ఉంటే ఏం చేసేదాన్ని? వచ్చి గుమ్మానికి అడ్డంగా పడుకునేదాన్నే. వెధవ, నన్ను సరిగ్గానే అంచనా కట్టాడు.

నిన్న ఇక్కడి పెద్దాసుపత్రికి వెళ్లాను. వాడికి బదులు నన్ను కొయ్యండి అన్నాను. డాక్టరమ్మ వయసు అడిగింది, షుగరుందా అంది. ఉందన్నాను. ఇక రక్తం కూడా తియ్యలేదు. మర్యాదగానే చెప్పింది గానీ, నా కాలేయం నా దగ్గరే పెట్టుకోమంది. ఎవడిక్కావాలి ఇది!

నీ కూతురు అంటే నాకు ప్రేమ లేదనుకోకు. నా మేనకోడలు అది. కాని ఈ జన్మలో వాడి కడుపు నింపడం తప్ప నేను చేసిందేం లేదు. ఆ కడుపే కోస్తామంటున్నారు. తండ్రినీ బిడ్డనీ ఒకే రోజు చెరో బల్ల మీద పడుకోబెడతామంటే, దానికి ఔననమని నన్నడక్కు. అడ్డుపడను. ఔననీ అనను. డబ్బాలు మాత్రం పంపను.

'నువ్వు' అన్నావుగా, అలాగే ఉండనీ. 'మీరు' అన్నప్పుడల్లా బడి ఇన్‌స్పెక్టరుని పలకరించినట్టుండేది.

వదిన


ఆసుపత్రి వరండా నుంచి

వదినా,

బెల్టుకి కొత్త కన్నం పొడిచాం. ఆ తర్వాత ఇంకోటి. నీ డబ్బాలు ఆగాక ఆయనకి చొక్కాలు వేలాడుతున్నాయి. మళ్లీ పరీక్ష చేశారు. కొవ్వు కరిగింది, ఇవ్వొచ్చు అన్నారు. డాక్టరు గది బయట కూర్చుని, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చాను.

ఆ సంతోషం మీ తమ్ముడు ఉండనిస్తేగా!

ఆపరేషన్‌కి ముందు ఆసుపత్రి కమిటీ వాళ్లు ఇచ్చే మనిషిని ఒక్కణ్నే కూర్చోబెట్టి అడుగుతారు, ఇష్టపడే ఇస్తున్నావా, ఎవరైనా బలవంతపెడుతున్నారా అని. నన్ను బయటికి పంపారు. లోపల ఈయనగారు ఏమన్నాడో తెలుసా? "నాకు ఇష్టమే సార్, కాని మా అక్కకి ఇష్టం లేదు" అన్నాడట! వాళ్లు ఫైలు మూసేసి, ఇంట్లో మాట్లాడుకోండి, మనసు కుదిరాకే రండి అన్నారు. నేను లోపలికి పోయి బతిమాలాను. మీరు ఇంతగా అడగడం కూడా మాకు బలవంతం లాగే కనిపిస్తుందమ్మా అన్నారు. ఇక నోరెత్తితే తప్పు, ఎత్తకపోతే పిల్ల పోతుంది. అటు చూస్తే కందిరీగ మొన్న రక్తం కక్కుకుంది. ఎలాగో ఆపారు. ఇప్పుడు వార్డులోనే ఉంది, ఇవాళ నాతో పోట్లాడే ఓపిక కూడా లేదు దానికి.

"ఒక్క అబద్ధం ఆడితే నోరు పడిపోతుందా?" అని మీ తమ్ముడి మీద అరిచాను. "అక్కని కష్టపెట్టి ఆ బల్ల ఎక్కితే మళ్లీ లేస్తానన్న నమ్మకం లేదు నాకు" అన్నాడు. అప్పుడు తెలిసింది వదినా, ఆయనకి భయంగా ఉంది. ఇన్నాళ్లూ మెట్లెక్కుతూ దిగుతూ భయపడుతూనే ఉన్నాడు. ఆ భయం చెప్పుకోవడానికి నేను పనికిరాను. నేను పిల్ల తల్లిని, ఇవ్వమనే అంటాను. ఆయనకి అమ్మంటే నువ్వే.

దీన్ని ఫోన్‌లో చెప్పొచ్చు కదా అన్నాడు. చెప్పను. ఫోన్‌లో అయితే ఇద్దరం అరుచుకుని పెట్టేస్తాం. ఇది బస్సులో పంపుతున్నాను, రేపటికి అందుతుంది, నువ్వూ అలాగే ఒక్క ముక్క రాసి పంపు. సరే అని. నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. అంత దూరం రావాలంటే పిల్లని వదిలి రాలేను, అంతే.

నీ మరదలు


హాస్టల్ వంటింటి నుంచి

మరదలా,

పొద్దుట్నుంచి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. 'సరే, కొయ్యండి' అని రాద్దామంటే చెయ్యి రావట్లేదు. రాసినవన్నీ చింపి పొయ్యిలో వేశాను.

దీంతో పాటు ఒక డబ్బా పంపుతున్నాను. కంగారుపడి గోతిలో పడెయ్యకు. మూత తియ్యకుండా వాడి చేతికే ఇవ్వు. వాడు బడికి పట్టుకెళ్లిన డబ్బా అది, అడుగున సొట్ట ఉంటుంది.

అందులో ఏమీ లేదు. కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టి పంపుతున్నాను. అమ్మ పోయినప్పట్నుంచి ఇప్పటిదాకా నా చేతి నుంచి వాడికి ఖాళీ డబ్బా వెళ్లలేదు. ఇదే మొదలు. నువ్వు వాడికి ఏం చెప్పక్కర్లేదు.

పిల్ల జాగ్రత్త. వాడూ జాగ్రత్త. నువ్వు కూడా ఏమన్నా తిను.

వదిన


ఆసుపత్రి నుంచి
మెట్ల పక్క కుర్చీలోంచి

వదినా,

ఇద్దరూ లేచారని మీ హాస్టల్ వార్డెన్‌కి పిన్నిచేత కబురు చేయించాను. నీకు అందే ఉంటుంది. నీతో మాట్లాడితే ఏడుపొస్తుంది, ఇక్కడ ఏడవడానికి తీరిక లేదు. అందుకే మిగతాది రాస్తున్నాను.

డబ్బా ఇచ్చాను. చేతిలోకి తీసుకోగానే బరువు చూసి మొహం చిట్లించాడు. మూత తీశాడు. లోపల వేళ్లు పెట్టి తడిమాడు, తలకిందులు చేసి తట్టాడు. "అక్క ఖాళీ డబ్బా పంపిందే!" అన్నాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు. ఏడ్చాడు కూడా. నేను పక్కనే ఉన్నాను గానీ ఏమీ అనలేదు. నేను ఏమీ అనకుండా ఉన్నానంటే నువ్వు నమ్మవు.

మర్నాడు ఆ డబ్బా చంకలో పెట్టుకునే కమిటీ వాళ్ల దగ్గరికి వెళ్లాడు. "మా అక్క ఒప్పుకుంది సార్" అని బల్ల మీద పెట్టాడట. వాళ్లు మూత తీసి చూసి మొహమొహాలు చూసుకున్నారట. అడగాల్సినవన్నీ మళ్లీ మొదట్నుంచి అడిగారు. ఈసారి ఫైలు మూయలేదు.

ఆపరేషన్ రోజున ఆయన్ని చక్రాల మంచం మీద లిఫ్టులోకి ఎక్కిస్తుంటే, చెవి ఒగ్గి విని, "దీని పట్టాలకి నూనె పెట్టి ఎన్నాళ్లయిందో" అని సణిగాడు. నర్సు నవ్వింది. నేను "నోరు మూసుకుని వెళ్లవయ్యా" అని కసిరాను. తలుపులు మూసుకుపోయాయి. అదే ఆఖరి మాటవుతుందేమోనని రోజంతా నా నోటిని నేనే తిట్టుకున్నాను.

అవలేదు వదినా. కళ్లు తెరిచి పిల్ల గురించి అడిగాడు, ఆ తర్వాత నీ గురించి అడిగాడు.

ఆయన కింది అంతస్తులో, కందిరీగ పై అంతస్తులో. మధ్యలో ఆ పాడు లిఫ్టు నిజంగానే ఆగిపోతోంది, మెట్లెక్కి దిగి నా మోకాళ్లు పోతున్నాయి. మాస్కూ టోపీ పెట్టుకుని లోపలికి వెళ్తే కందిరీగ నన్ను ఎగాదిగా చూసి "అమ్మా, ఎవరినైనా దోచుకోవడానికి వచ్చావా?" అంది. దాని కళ్లు తెల్లబడ్డాయి వదినా. గోక్కోవట్లేదు. ఆ చేతులు ఊరికే పక్క మీద పడి ఉంటే చూస్తూ కూర్చుంటున్నాను.

అంతా అయిపోయిందనుకోకు. మందులు బతికినంతకాలం మింగాలట. చిన్న జలుబు చేసినా పరుగెత్తుకు రావాలట. ఒక డాక్టరు ఒకటి చెప్తే ఇంకో డాక్టరు ఇంకోటి చెప్తున్నాడు, నాకు తల పగిలిపోతోంది. బయటినుంచి వచ్చిన తిండి పిల్లకి చాలాకాలం పెట్టకూడదు, కాబట్టి అలవాటు కొద్దీ డబ్బాలు నింపేవు, వద్దు. సొట్ట డబ్బా మీ తమ్ముడి మంచం పక్కనే ఉంది. నింపే రోజు నేను చెప్తాను. ఏమేం పెట్టాలో కందిరీగ ఇప్పటికే చెప్పింది, అన్నీ ఉప్పువే.

ఇవాళ కింద కూర్చుని ఆయనకి నీళ్లు తాగిస్తుంటే ఫోన్ పైనే మర్చిపోయానని గుర్తొచ్చింది. ప్రాణం పోయినట్టయింది. గ్లాసు అక్కడే పడేసి సగం మెట్లు పరుగెత్తాక తట్టింది, వరసలోంచి మా పిల్ల పేరు తీసేశారని. మా వెనకున్న పిల్లల అమ్మలు ఇంకా సబ్బుపెట్టె పక్కన ఫోన్ పెట్టుకునే ఉంటారు. నాది మాత్రం ఇప్పుడు ఉత్త ఫోను. ఆ మెట్ల మీదే కూర్చుని ఇది రాస్తుంటే ఎవరో కుర్చీ తెచ్చి వేశారు.

ఇది అందగానే ఫోన్ చెయ్యి వదినా. పొద్దున్న చెయ్యి, మధ్యాహ్నం చెయ్యి, చీకటి పడ్డాక మళ్లీ చెయ్యి. ఎత్తగానే "ఏమైనా తెలిసిందా?" అని అడుగు.

నీ మరదలు